ఖాళీగా వచ్చే బండి

బండి ఖాళీగా రోడ్డు మీద తిరగడం నాకు మొదటినుంచీ పడదు. తిరిగే చక్రం ఏదో ఒకటి మోస్తూ తిరగాలి, లేకపోతే ఆగి ఉండాలి. ఇరవై రెండేళ్ళుగా టైల్సు అమ్ముతున్నాను. ఈ పట్టుదల వల్ల నాకు మిగిలిందెంతో నిద్రలో లేపి అడిగినా చెప్పగలను. దానివల్ల పోగొట్టుకోబోయిందేమిటో మాత్రం పోయిన నెలలోనే తెలిసింది.

మా దుకాణానికున్నది ఒకటే వ్యాను. వయసు పదిహేడేళ్ళు. ముందు తలుపు ఒక రంగు, మిగతా ఒళ్ళంతా ఇంకో రంగు. దాన్ని నడిపేది మా బావ, అంటే మా అక్క మొగుడు. అతణ్ణి ఇంటి మేస్త్రీల దగ్గర్నుంచి మా దుకాణం ఎదురు టీ కొట్టాయన దాకా అందరూ ‘నిదానం’ అంటారు. ఒళ్ళో గుడ్ల బుట్ట పెట్టుకున్నవాడిలా బండి నడుపుతాడు. పనిచేసే కార్ఖానా మూతపడి ఇంట్లో కూర్చున్న రోజుల్లో నేనే పిలిచి తాళం చేతికిచ్చాను. అది నేను చేసిన సాయం అని చాలాకాలం అనుకున్నాను. తోటి వ్యాపారులకు దారిలో పగిలిపోయే సరుకు ఎంతో, నాకు పగిలేది ఎంతో పోల్చి చూసుకున్నాక, ఎవరు ఎవరికి సాయం చేశారన్నది తేలని లెక్కగా వదిలేశాను.

ఎనిమిది నెలల కిందట నేనొక తెలివైన పని చేశాను. అప్పటిదాకా బండిలో ముప్పై ఆరు పెట్టెలు పట్టేవి. అంతకంటే ఎక్కితే వెనక భాగం నేలకు దిగిపోయేది. ఊరి చివర కొలిమి పెట్టుకున్న ఒకాయన చేత బరువు మోసే వెనక కమాను పట్టీలకు రెండేసి పట్టీలు అదనంగా వేయించాను. యాభై పెట్టెలెక్కినా బండి సమంగా నిలబడింది. రెండు ట్రిప్పులు తిరిగే చోట ఒక ట్రిప్పుతో సరిపోయింది. ఆ రోజు రాత్రి మా ఆవిడ ముందు గొప్పలు కూడా పోయాను.

తర్వాత వారం తిరక్కముందే బావ వచ్చి, తాళం మేకుకి తగిలిస్తూ అన్నాడు.

“బామ్మర్దీ, బండి ఒకచోట నిలవట్లేదు. పొద్దున బానే ఉంటోంది. సాయంత్రం తిరిగొచ్చేటప్పుడు ఇటూ అటూ పోతోంది.”

“సాయంత్రమా? బండికి పొద్దున్నా సాయంత్రమూ ఏం తెలుస్తుంది బావా?”

“ఏమో. లారీ ఏదన్నా పక్కనుంచి వెళ్తే తోసేసినట్టు పక్కకి పోతోంది. నేను ఇటు తిప్పితే ఇటే పోతోంది, అటు తిప్పితే అటే.”

నేను ఆలోచించాను. నా ఆలోచన ఎప్పుడూ కూడికలు తీసివేతల్లోనే నడుస్తుంది. పొద్దున బాగుంది, సాయంత్రం బాగాలేదు. మధ్యలో జరిగింది ఏమిటి? ముప్పై ఆరుకి బదులు యాభై పెట్టెలు దింపడం. పెట్టెకి పాతిక కిలోలు. సైటు దగ్గర మనుషులున్నా బావ ఊరుకోడు, తనూ ఒక చెయ్యి వేస్తాడు. వయసు యాభై ఎనిమిది. జవాబు నాకు కళ్ళముందే కనిపించింది. ఆ జవాబు తప్పని ఏ కోశానా అనిపించలేదు.

అయినా నా ధర్మంగా బండిని షెడ్డుకి పంపించాను. బండ్లు బాగుచేసే ఆ మేస్త్రీ షెడ్డు, ఇళ్ళు కట్టే సైట్లకు వెళ్ళే దారిలోనే ఉంటుంది. కాబట్టి ఎలాగూ వెళ్ళే దారే కదా అని సరుకెక్కించుకునే వెళ్ళమన్నాను. ఆయన జాకీ వేసి ముందు చక్రాలు పట్టుకుని ఊపాడు, స్టీరింగు జాయింట్లలో వదులు ఉందేమోనని. కాస్త ఉందని రెండు మార్చాడు. చక్రాల వరస సరిచేయించాడు. టైర్లలో గాలి చూశాడు. తనే నడిపి చూసి, గీత గీసినట్టు పోతోందన్నాడు. ఆ సాయంత్రం బావ వచ్చి, అలాగే ఉందన్నాడు.

నెల తర్వాత మళ్ళీ పంపాను. ఈసారి వెంట నేనూ వెళ్ళాను. మళ్ళీ యాభై పెట్టెలతోనే. మేస్త్రీ అరగంట తిప్పి తెచ్చి, చేతులు తుడుచుకుంటూ షెడ్డులో నలుగురు వినేలా అన్నాడు.

“షావుకారుగారూ, బండిలో ఏమీ లేదు. ఇంక చూసుకోవాల్సింది నడిపే మనిషిని.”

షెడ్డులో ఎవరో నవ్వారు. బావ పక్కనే ఉన్నాడు. తన రెండు చేతుల వైపు ఒకసారి చూసుకుని, జేబుల్లో పెట్టుకున్నాడు. నేను అతని తరఫున ఒక్క మాటా అనలేదు. దాన్ని ఇప్పుడు నా ఖాతాలోనే వేసుకుంటున్నాను.

తర్వాత కొన్నాళ్ళు ఫిర్యాదు లేదు. ఓ సాయంత్రం బండి వెనక తలుపు తీసి చూస్తే లోపల ఆరు పెట్టెలు కనిపించాయి. సెట్టు తప్పి, అంచులు విరిగి, ఎవరూ కొనని టైల్సు. గోదాములో మూలన పడి ఉండాల్సినవి.

“ఇవి ఇక్కడేం చేస్తున్నాయి బావా?”

“ఉండనీ. అవుంటే తిరిగొచ్చేటప్పుడు కాస్త నయంగా ఉంటోంది.”

“నూటయాభై కిలోల చెత్తని రోజూ ఊరు చూపించి తీసుకొస్తున్నావా? డీజిలు మీ మావగారు పోస్తారా?”

మావగారంటే మా నాన్నే. బావ కొంచెం నవ్వాడు. నేను దగ్గరుండి ఆరు పెట్టెలూ దింపించాను. బావ వాదించలేదు. బామ్మర్ది దగ్గర పనిచేసేవాడు ఎంతవరకు వాదించాలో పదిహేనేళ్ళుగా అతనికో కొలత ఉంది. దాన్ని ఒక్కరోజు కూడా దాటలేదు.

సరిగ్గా పదకొండో రోజున, తిరిగొస్తుంటే, వంతెన మీద అడ్డగాలికి బండి పక్కకి కోసుకుపోయి రెయిలింగుని రాసుకుంది. ఎడమ అద్దం ఊడి కింద నీళ్ళలో పడింది. ఎవరికీ ఏమీ కాలేదు. బావ బండిని దుకాణం ముందు పెట్టి, దిగి, తాళం మేకుకి తగిలించకుండా నా బల్ల మీద పెట్టాడు.

“ఇంక నా వల్ల కాదేమో” అన్నాడు.

కాదు, అలా అనకు అని నేననాలి. నాకు లోపల బరువు దిగినట్టయింది. ఆ మాట నేనే చెప్పాల్సి వస్తుందేమోనని వారం రోజులుగా మథనపడుతున్నాను మరి. “సరే బావా, కొన్నాళ్ళు కౌంటర్లో కూర్చో” అన్నాను. వేరే డ్రైవరు ఒకతన్ని చూసి, ఒకటో తారీఖు నుంచి రమ్మన్నాను. అందాకా బండి నేనే నడుపుదామనుకున్నాను.

కౌంటర్లో బావ ఎలా ఉన్నాడో చెబితే నవ్వొస్తుంది, ఏడుపూ వస్తుంది. మెరిసే టైలు చూసి ముచ్చటపడి, ఇదే కావాలని కూర్చున్న ఒకావిడతో, “బాత్రూముకి ఇది వద్దమ్మా, తడిస్తే జారుతుంది, మీ అత్తగారు పడిపోతే?” అన్నాడు. ఆవిడ కాసేపు అత్తగారి గురించి ఆలోచించి, ఏమీ కొనకుండా వెళ్ళిపోయింది. ఖాళీగా ఉన్నప్పుడు గాజుపలక తుడిచేవాడు. తుడిచిందే తుడిచేవాడు. బయట ఏ బండి ఆగినా తల తిప్పేవాడు కాదు.

నాలుగో రోజు మధ్యాహ్నం బావ భోజనానికి వెళ్ళాక అక్క వచ్చింది. ఆమె దుకాణానికి రాదు. వచ్చిందంటే ఏదో ఉంది.

“కూర్చో అక్కా.”

“కూర్చోడానికి రాలేదు రా. ఒకటడుగుతాను, చెప్పు. మీ బావ చేతులు వణుకుతున్నాయని నువ్వు చూశావా?”

“నేనెక్కడన్నానే వణుకుతున్నాయని?”

“అనలేదు. కానీ ఆయన నమ్ముతున్నాడు. రోజూ పొద్దున్నే లేచి, గ్లాసు నిండా అంచు దాకా నీళ్ళు పోసి, చెయ్యి చాపి పట్టుకుని నిలబడుతున్నాడు. నేను పడుకున్నాననుకుని. వంద లెక్కపెడతాడు. చుక్క కూడా కింద పడదు రా. అయినా నమ్మడు. మళ్ళీ ఎడం చేత్తో పడతాడు.”

అక్క దుకాణం ఓసారి కలయచూసింది.

“పనిలోంచి తీసేస్తే తీసెయ్యి. నీ దుకాణం, నీ ఇష్టం. కానీ ఎందుకు తీస్తున్నావో నికరంగా తెలుసుకుని తియ్యి. తెలియకుండా తీస్తే ఆ మనిషి జన్మంతా నీళ్ళ గ్లాసు పట్టుకుని నిలబడతాడు.”

ఆమె వెళ్ళేటప్పుడు అటు చూడలేకపోయాను. మా అక్క చిన్నప్పుడు నన్ను చాలాసార్లు కొట్టింది గానీ, ఒక్కసారీ అంత గట్టిగా తగల్లేదు.

మర్నాడు యాభై పెట్టెలెక్కించుకుని నేనే బయల్దేరాను. బండి చక్కగా పోయింది. బైపాసు మీద లారీలు పక్కనుంచి దూసుకుపోయినా చలించలేదు. వంతెన మీద కూడా. మేస్త్రీ చెప్పిందే నిజమన్నమాట. బాధేసింది. నా నిర్ణయం తప్పు కానందుకు లోపల్లోపల కాస్త తృప్తిగా కూడా ఉంది, దాచను.

సైటులో సరుకు దింపించి, అక్కడే కూర్చుని భోంచేసి, మధ్యాహ్నం రెండింటికి వెనక్కి తిరిగాను. పెట్టె ఒక్కటి కూడా నేను ముట్టుకోలేదు. కడుపు నిండి ఉంది. ఎండ ఉంది. అలసట అన్న మాటే లేదు.

బైపాసు ఎక్కి వేగం అందుకోగానే స్టీరింగు చేతిలో ఉన్నట్టే ఉండి లేకుండా పోయింది. బండి కుడికి కాస్త జరిగింది. ఎడమకి లాగితే అవసరానికి మించి ఎడమకి పోయింది. సరిచేసేలోపు మళ్ళీ కుడికి. తడి సబ్బుని పట్టుకున్నట్టుంది. వెనకనుంచి లారీ వచ్చి దాటుతుంటే బండి మొత్తం దాని వైపు ఒరిగినట్టయి, గాలి తగ్గగానే అవతలికి విసిరింది. నేను బ్రేకు మీద కాలేసి, రోడ్డు పక్కన ఆపేశాను. చేతులు వణుకుతున్నాయి. నాకు నలభై తొమ్మిదేళ్ళు.

అక్కడ కూర్చుని మళ్ళీ లెక్క వేశాను, ఈసారి మనిషిని పక్కన పెట్టి. అదే రోడ్డు, అదే బండి, అదే నేను. పొద్దున్నకీ ఇప్పటికీ తేడా ఏమిటి? బండిలో పెట్టెలు లేవు. అంతే. బావ సాయంత్రం అన్నప్పుడల్లా నేను సాయంత్రం అనే మాట విన్నాను. అతను తిరిగొచ్చేటప్పుడు అని కూడా అన్నాడు. అది వినలేదు. ఆరు పెట్టెలుంటే నయంగా ఉంటోందని నా మొహం మీదే చెప్పాడు. నేను డీజిలు గురించి మాట్లాడాను.

దుకాణానికి వెళ్ళకుండా, నెమ్మదిగా, రోడ్డు అంచు వెంట మేస్త్రీ షెడ్డుకి వెళ్ళాను. ఆయన బయట బల్ల మీద కూర్చుని ఉన్నాడు. నేను బండి ఆపకముందే లేచి నిలబడ్డాడు.

“ఇదేంటి షావుకారూ, నీ బండి ఎత్తు మడమల చెప్పులేసుకుందేంటి?”

“ఏం మాట్లాడుతున్నావు?”

“వెనక చూడు, ఎలా లేచి నిలబడిందో. నేనెప్పుడూ దీన్ని ఇలా చూడలేదే.”

“నువ్వు చూడలేదు. ఎందుకంటే నేనెప్పుడూ దీన్ని ఖాళీగా నీ దగ్గరికి పంపలేదు.”

ఆయన టేపు తెచ్చి నేల నుంచి ముందు కొలిచాడు, వెనక కొలిచాడు. వెనక భాగం ఉండాల్సిన దానికంటే మూడంగుళాలు పైన ఉంది. కిందకి దూరి పట్టీలు లెక్కపెట్టి బయటికొచ్చాడు.

“ఈ పట్టీలు నేను అప్పుడే చూశాను. టైల్సు మోసే బండి కదా, ఉంటాయిలే అనుకున్నా. బరువు మీద సమంగా కూర్చుంది, నాకు అనుమానం రాలేదు. ఖాళీ అయ్యాక ఇలా వెనక లేస్తుందని తట్టలేదు.”

“లేస్తే ఏమవుతుంది?”

గోడకి ఆనించి ఉన్న సైకిలుని లాగి నా ముందు పెట్టాడు. “ముందు చక్రం పట్టిన ఈ ఫోర్కు చూడు. నిటారుగా లేదు, వెనక్కి వాలి ఉంది. ఆ వాలు ఉండబట్టే చేతులు వదిలేసినా సైకిలు తనంతట తనే సూటిగా పోతుంది. ఇప్పుడు వెనక చక్రం ఎత్తుతా, చూడు.” ఎత్తాడు. ఫోర్కు నిటారుగా అయింది. “వాలు పోయింది. ఇంక హ్యాండిలు ఎటు తిప్పితే అటే, తిరిగి సూటిగా రాదు. నీ బండి ముందు చక్రాలకీ అలాంటి వాలే ఉంటుంది. నువ్వు వెనక లేపి దాన్ని చంపేశావు. బరువెక్కిస్తే వెనక దిగి, మళ్ళీ ప్రాణం వస్తుంది.”

“ఆరు పెట్టెలు ఉంచితే?”

“కొంచెం దిగుతుంది. కొంచెం నయం.” ఆయన సైకిలు గోడకి ఆనించి, “నిదానం చెప్పాడా ఆ ఆరు పెట్టెల సంగతి?” అన్నాడు.

“చెప్పాడు.”

“మనకంటే వాడికే ముందు తెలిసింది” అన్నాడు మేస్త్రీ. “రేపు పొద్దున తీసుకురా, పట్టీలు దింపేస్తా. ఖాళీగా తీసుకురా.”

సాయంత్రం అక్క వాళ్ళింటికి వెళ్ళాను. బావ కుర్చీలో కూర్చుని రేడియోకి కొత్త బ్యాటరీలు వేస్తున్నాడు. అక్క తలుపు దగ్గర నిలబడింది. బైపాసు మీద జరిగింది, టేపు, సైకిలు, పట్టీలు, అన్నీ చెప్పాను. తప్పు బండిలో ఉందని, బండికి ఆ తప్పు నేనే డబ్బిచ్చి పెట్టించానని చెప్పాను. అంతవరకు నోరు తిరిగింది. క్షమించు అనే మాట మాత్రం మా ఇంట్లో ఎవరూ ఎవరికీ చెప్పుకోలేదు. నాకూ రాలేదు.

బావ సంతోషిస్తాడనుకున్నాను. రేడియో మూత బిగించి పక్కన పెట్టాడు.

“పట్టీలు దింపేశారా?”

“రేపు పొద్దున.”

“అయితే రేపు షెడ్డు దాకా నేను నడుపుతా. ఉన్నది ఉన్నట్టుగానే.”

“బావా, అది ప్రమాదం. నేను స్వయంగా చూశాను.”

“నువ్వు ఒక్క పూట చూశావు.” అక్క వైపు తిరిగి, “పొద్దున్నే లేపు” అన్నాడు.

మర్నాడు ఖాళీ బండిలో బావ పక్కన కూర్చున్నాను. ఏదో పట్టుకుందామని చూస్తే పట్టుకోవడానికి ఏమీ లేదు. సీటు అంచు పట్టుకున్నాను. బావ బైపాసు ఎక్కాడు. బండి నిన్నటిలాగే కుడికి జరగబోయింది. జరగబోయింది గానీ జరగలేదు. అతని చేతులు అప్పటికే అక్కడున్నాయి. వెంట్రుకవాసి అటు, వెంట్రుకవాసి ఇటు, ఆగకుండా కదులుతూనే ఉన్నాయి. లారీ ఇంకా వెనక ఉండగానే అద్దంలో చూసి వేగం తగ్గించి, అది దాటే క్షణానికి స్టీరింగుని కాస్త బిగించి పట్టుకుని, దాటగానే వదులు చేశాడు. వంతెన ఎక్కేముందు కిటికీలోంచి ఒక చెయ్యి బయట పెట్టి గాలి చూసుకున్నాడు. కుడివైపు మాత్రమే మిగిలిన అద్దంలోకి చూస్తూ, నడిచే వేగంతో వంతెన దాటించాడు. నేను చొక్కా కాలరుతో మొహం తుడుచుకున్నాను.

ఏడు నెలలు. వారానికి ఆరు రోజులు. రోజుకొకసారి ఈ దారిన ఈ బండిని ఖాళీగా తెచ్చాడు. నూటయాభై సార్లకు పైనే. ఒక్కసారి, నేను ఆరు పెట్టెలూ దింపించాక, అద్దం పోయింది. మేమంతా ఆ ఒక్కదాన్నే లెక్కపెట్టాం.

“బావా.”

“ఊఁ.”

“ఇలా ఎలా నడిపావు ఇన్నాళ్ళూ?”

“నా చేతులే బాగాలేవేమో, అందుకే ఇంత కష్టంగా ఉందనుకున్నా” అన్నాడు. రోడ్డు మీంచి చూపు తిప్పలేదు. “చేతులు బాగాలేనివాడు ఇంకాస్త జాగ్రత్తగా ఉండాలి కదా.”

షెడ్డులో ఆ రోజు నవ్విన వాళ్ళలో ఇద్దరు ఉన్నారు. బండి దిగి నేను మేస్త్రీని కేకేశాను. మామూలుగా మాట్లాడితే ఆయనకే వినిపిస్తుంది, అందుకని గొంతు పెంచాను. “మేస్త్రీ, పట్టీలు అదనంగా వేయించి బండిని పాడుచేసింది నేను. సరుకుతో పంపి నీకు కనబడకుండా చేసిందీ నేనే. ఇదిగో, ఖాళీగా తెచ్చాం. నడిపింది మా బావ.” ఆ ఇద్దరూ తలెత్తి చూశారు. మేస్త్రీ బావ దగ్గరికి వచ్చి, అతని కుడిచెయ్యి పట్టుకుని ఊపాడు. ఆయన చేతి గ్రీజు బావకి అంటింది. బావ దాన్ని తుడుచుకోలేదు.

పట్టీలు దింపడానికి మధ్యాహ్నమైంది. ఇప్పుడు మళ్ళీ ముప్పై ఆరు పెట్టెలే. రెండు ట్రిప్పులు. కొత్త డ్రైవరుకి ఫోను చేసి రావద్దన్నాను. అతను నాలుగు మాటలన్నాడు, పడ్డాను.

తాళం మేకుకి తగిలించి ఉంది. మర్నాడు పొద్దున బావ వచ్చి తాళం తీసుకుని, గోదాము మూలకి వెళ్ళి, విరిగిన టైల్సున్న ఆ ఆరు పెట్టెల్లో ఒకటి ఎత్తి భుజాన పెట్టుకున్నాడు.

“బండి బాగైంది కదా బావా. ఇంకా ఎందుకవి?”

“బండికి కాదు” అన్నాడు. “కొన్నాళ్ళు ఉండనీ. నాకే.”

నూటయాభై కిలోలు. రోజూ రెండు ట్రిప్పులు, పోను రాను. దానికెంత డీజిలో నోటిలెక్కన తేలిపోయింది, నాలిక చివర దాకా వచ్చింది కూడా. మింగేసి, వంగి రెండో పెట్టె నేనెత్తాను.